ఎం.ఓ.టి.లో కారు ఫెయిలయితే... ఫెయిల్ కాగితం వేరు, బిల్లు వేరు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ళు బ్రిటన్‌లో పాత కారు నడిపి ఉంటే మూడోది కూడా చేర్చేవారు: ఎం.ఓ.టి. చేయించి చూడు అని!

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మనలో చాలామంది కొనేది పాత కారే. వీసా ఫీజులు, ఇంటి అద్దె, డిపాజిట్, పిల్లల శీతాకాలపు బట్టలు... ఇవన్నీ కట్టుకున్నాక చేతిలో మిగిలిన రెండు మూడు వేల పౌండ్లతో ఏదో ఒక కారు. ఏడాది తిరిగేసరికి అది పరీక్షలో ఫెయిలవుతుంది, గ్యారేజీవాడు నాలుగంకెల మొత్తం చెబుతాడు. మర్నాడు పొద్దున్నే డ్యూటీ, పిల్లల్ని స్కూల్లో దింపాలి, కారు లేకపోతే రోజు గడవదు. ఆ కంగారులో "సరే, అన్నీ చేసెయ్యండి" అనేస్తాం. ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో మా కారు విషయంలో లెక్క వేసి చూశాను. ఆ లెక్క మీ అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. చెప్పేది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ గురించి. ఉత్తర ఐర్లాండ్‌లో పద్ధతి వేరు.

అసలు ఈ పరీక్ష ఏమిటి?

ఎం.ఓ.టి. అంటే మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్. ఆ శాఖ పేరు ఎప్పుడో మారిపోయింది గాని, 1960లో మొదలైన పరీక్షకి మాత్రం ఆ పేరే ఉండిపోయింది. అప్పట్లో పదేళ్ళు దాటిన కార్లకే ఉండేది. ఇప్పుడు కారు మొదటిసారి రిజిస్టరయిన మూడో ఏడాది నిండేసరికి ఒకసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. కారుకి గరిష్ఠ రుసుము 54 పౌండ్ల 85 పెన్నీలు. అంతకన్నా తక్కువకి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎక్కువ మాత్రం అడగకూడదు.

మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు ఉంటుంది, ఈ లోగా పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప పెద్దగా అడిగేవాడు ఉండడు. అందుకే ఏటేటా పరీక్ష అనేసరికి మనకి కొత్తగా ఉంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో అయితే చెడిపోయిన భాగాన్ని విప్పి, అతికి, సాగగొట్టి మళ్ళీ బిగిస్తారు. ఇక్కడ అదేం ఉండదు, పాతది తీసి పారేసి కొత్తది వెయ్యడమే. దాని మీద గంటల లెక్కన లేబర్, ఆ మొత్తం మీద 20 శాతం వ్యాట్. పైగా చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి కారు అడుగుభాగం, పైపులు, స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి. పైకి పెళ్ళికూతురులా మెరిసిపోయే కారు కింద నుంచి చూస్తే ముసలమ్మలా ఉండడానికి కారణం ఇదే.

రెండు కాగితాలు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. కారు ఫెయిలయితే మీ చేతికి వచ్చేవి రెండు కాగితాలు. ఒకటి వి.టి.30 అనే ఫెయిల్ కాగితం. అది ప్రభుత్వం నిర్ణయించిన నియమాల ప్రకారం టెస్టర్ ఇచ్చేది. రెండోది గ్యారేజీవాడి ఎస్టిమేటు. అది ఆయన వ్యాపారం. రెండూ ఒకే కౌంటర్ మీద, ఒకే మనిషి చేతి మీదుగా వస్తాయి గనక రెండూ ఒకటే అనిపిస్తుంది. కాదు. మొదటిది చట్టం అడిగేది, రెండోది ఆయన అమ్మదలచుకున్నది. పరీక్ష ఎక్కడ చేయించారో అక్కడే రిపేరు చేయించాలని ఏ నియమమూ లేదు.

ఫెయిల్ కాగితంలో ఉండే మాటలు నాలుగు. 2018 మే 20 నుంచి ఈ వర్గీకరణ అమల్లో ఉంది.

డేంజరస్: అపాయకరం. ఫెయిల్. బాగుచేసేదాకా రోడ్డెక్కించకూడదు.

మేజర్: పెద్ద లోపం. ఇదీ ఫెయిలే. వెంటనే బాగుచేయించాలి.

మైనర్: చిన్న లోపం. కారు పాసవుతుంది, వీలైనంత త్వరగా చేయించమని అర్థం.

అడ్వైజరీ: సలహా. ఇప్పటికి బాగానే ఉంది, ముందు ముందు చూసుకోమని అర్థం. కారు పాసే.

అంటే పాస్ కావడానికి తప్పనిసరిగా చేయించాల్సినవి మొదటి రెండు వర్గాలే. ఎస్టిమేటు పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ ఈ నాలుగింటిలో దేని కిందకి వస్తుందో రాసుకోండి. ఏ వర్గంలోనూ లేని లైన్లు కూడా కనిపిస్తాయి. అవి పరీక్షకి సంబంధం లేనివన్నమాట.

మా కారు లెక్క

మాది 2012 నాటి పెట్రోలు బండి. ఆ ఏడాది ముందువైపు ఒక స్ప్రింగు విరిగి, వెనక సైలెన్సర్ లీకయి, ఒక వైపర్ చినిగి, నంబరు ప్లేటు లైటు వెలగక ఫెయిలయింది. గ్యారేజీవాడు మొత్తం 1,245 పౌండ్లు అన్నాడు. లైన్లు విడదీస్తే ఇలా తేలింది:

ముందు స్ప్రింగుల జత 290, సైలెన్సర్ 240, వైపర్లు 45, బల్బు 15. ఇవి ఫెయిలయినవి. మొత్తం 590.

బ్రేకు డిస్కులు, ప్యాడ్లు 285, వెనక బుష్ 130, రెండు టైర్లు 180. ఇవి అడ్వైజరీలు. మొత్తం 595.

ఏ.సి. గ్యాస్ నింపడం 60. ఇది ఏ కాగితంలోనూ లేదు.

ఆయన మోసం చేశాడని నేననను. డిస్కులు అరిగిన మాట నిజమే, టైర్లు హద్దుకి దగ్గరగా వచ్చిన మాటా నిజమే. కాకపోతే "ఇవి ఈరోజే చెయ్యాలి, ఇవి నాలుగు నెలలు ఆగొచ్చు" అని ఆయన విడదీసి చెప్పలేదు. ఆ విడదీసే పని మనదే.

ఫెయిల్ కాగితంలోని మాటలు యథాతథంగా చదివి, కారు నంబరు, మైలేజీ చెప్పి మూడు గ్యారేజీలకు ఫోన్ చేశాను. దీనికి కారు కదపక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్నలు మూడే. వ్యాట్‌తో కలిపి ఎంత? వేసేది కంపెనీ భాగమా, అదే ప్రమాణంతో వేరేవాళ్ళు చేసినదా? గ్యారంటీ ఎన్నాళ్ళు? ఒక చిన్న గ్యారేజీలో స్ప్రింగుల జతకి 215, సైలెన్సర్‌కి 150 చెప్పారు. ఒక స్ప్రింగే విరిగినా రెండూ కలిపి మార్చడం మంచిదని ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు గనక అక్కడ పొదుపు చెయ్యలేదు. వైపర్లు 18 పౌండ్లకి, బల్బు 3 పౌండ్లకి కొని నేనే బిగించాను. మొత్తం 386. మళ్ళీ పరీక్షకి 27. వెరసి 413 పౌండ్లతో కారు పాసయింది.

నెల తిరక్కుండా టైర్లు 150కి వేయించాను. నాలుగు నెలల తర్వాత డిస్కులు, ప్యాడ్లు 195కి మార్పించాను. బుష్ మరుసటి ఏడాది పరీక్షలో కూడా అడ్వైజరీగానే మిగిలింది. అన్నీ కలిపితే 758. ఒక్కసారిగా 1,245 కట్టడానికీ, 758 అయిదు నెలల్లో కట్టడానికీ మధ్య నెల జీతం మీద బతికే ఇంట్లో చాలా తేడా ఉంటుంది.

అడ్వైజరీ అంటే వదిలెయ్యమని కాదు సుమా! వాయిదా వెయ్యమని కూడా నేననను. కొలత అడగండి. "బ్రేకు ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి?" 1.5 మిల్లీమీటర్ల లోపుకి వస్తే ఫెయిల్. "టైరు గాడి లోతు ఎంత?" చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్లు, టైరు వెడల్పులో మధ్య ముప్పాతిక భాగం అంతటా, చుట్టూ. జవాబు అంకెల్లో వస్తే నిర్ణయం మీరు తీసుకోగలరు. అంకె చెప్పలేకపోతే కారుని లిఫ్టు మీద చూపించమనండి. చూపించమని అడగడం అమర్యాద కాదు, మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు.

కారు ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పాత ఎం.ఓ.టి. గడువు ఇంకా ఉండి, కాగితంలో డేంజరస్ అనే మాట లేకపోతే తెచ్చుకోవచ్చు. గడువు అయిపోతే, లోపాలు బాగుచేయించుకునే చోటికి గాని, ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్న పరీక్షకి గాని మాత్రమే నడపొచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ కారు రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉండాలి. పాత కాగితం ఉంది కదా అని విరిగిన స్ప్రింగుతో ఊరంతా తిరగడానికి అది లైసెన్సు కాదు. మేజర్ లోపం ఉంటే తిన్నగా రిపేరు చేసే చోటికే తీసుకెళ్ళండి. దూరమైతే లారీ మీద ఎక్కించి పంపండి.

ఎం.ఓ.టి. లేకుండా నడిపితే 1,000 పౌండ్ల దాకా జరిమానా. అపాయకరమైన స్థితిలో ఉన్న కారు నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు, కోర్టు అనుకుంటే నిషేధం కూడా. ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ వేరే.

మాకు తెలిసిన ఒక కుర్రాడు ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు. ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. టైరు అరిగి లోపలి తీగలు కనిపిస్తున్నాయట, డేంజరస్ అని రాశారట. ఆ గ్యారేజీలో ఆ సైజు టైరు లేదు, రాత్రి డ్యూటీ ఉంది. "అన్నయ్యా, ఆస్పత్రి నాలుగు మైళ్ళే. మెల్లగా వెళ్ళిపోతాను" అన్నాడు. "తమ్ముడూ, ఈ రాత్రి టాక్సీకి ఎంతయినా సరే వెళ్ళు. ఆ టైరు పేలితే నీతోపాటు ఎదురొచ్చేవాడూ పోతాడు. నీ దగ్గరికే తీసుకొస్తారు వాళ్ళని" అన్నాను. కారు గ్యారేజీ ఆవరణలోనే వదిలి టాక్సీలో వెళ్ళాడు. పొద్దున్నే వ్యాన్‌లో వచ్చి టైరు బిగించే మనిషిని పిలిపించాం, 92 పౌండ్లయింది. ఆ మధ్యాహ్నమే కారు పాసయింది, రీటెస్టుకి పైసా కట్టలేదు. ఎలాగంటారా?

రీటెస్టు నియమాలు

కారుని పరీక్షించిన చోటే వదిలి అక్కడే బాగుచేయిస్తే, 10 పని దినాల్లోపు పాక్షిక రీటెస్టు ఉచితం.

కారు బయటికి తీసుకెళ్ళి, మర్నాటి పని దినం ముగిసేలోగా అదే కేంద్రానికి తెస్తే, కొన్ని లోపాలకి రీటెస్టు ఉచితం. టైర్లు, లైట్లు, వైపర్లు, అద్దాలు, హారన్, నంబరు ప్లేటు, సీటు బెల్టుల వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. ఆ కుర్రాడి టైరు ఇందులోకే వచ్చింది.

బయట బాగుచేయించి 10 పని దినాల్లోపు అదే కేంద్రానికి తెస్తే పాక్షిక రీటెస్టుకి సగం రుసుము. మేము కట్టిన 27 పౌండ్లు ఇదే.

ఆ గడువు దాటినా, వేరే కేంద్రానికి వెళ్ళినా మళ్ళీ పూర్తి పరీక్ష, పూర్తి రుసుము. అందుకని ఫెయిల్ కాగితం చేతికి రాగానే క్యాలెండర్‌లో ఆ పదో పని దినం చుట్టూ గీత గీసుకోండి.

ఫెయిల్ చెయ్యడమే తప్పనిపిస్తే?

ముందు టెస్టర్‌తోనే మాట్లాడండి. తృప్తి కలగకపోతే డి.వి.ఎస్.ఏ. అనే ప్రభుత్వ సంస్థకి వి.టి.17 ఫారం మీద 14 పని దినాల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. వాళ్ళు తమ మనిషితో కారుని మళ్ళీ పరీక్ష చేయిస్తారు. అప్పుడు పూర్తి రుసుము కట్టాలి, మీ మాట నెగ్గితే అందులో కొంతగాని, మొత్తంగాని తిరిగి ఇస్తారు. ఒక్క హెచ్చరిక: అప్పీలు తేలేదాకా ఆ లోపాన్ని ముట్టుకోకూడదు. బాగుచేయించేస్తే చూడడానికి ఏమీ మిగలదు.

రిపేరు సరిగ్గా చెయ్యకపోతే అది వేరే సంగతి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చెయ్యాలి. ధర ముందు అనుకోకపోతే సబబైన ధరే తీసుకోవాలి. అయినా ముందే రాతలో తీసుకోవడం మేలు. "ఈ పనులు, ఈ ధరకి మాత్రమే. ఇంకేదైనా బయటపడితే నాకు ఫోన్ చేసి, నేను సరేనన్నాకే చెయ్యండి" అని ఒక మెసేజ్ పంపండి. పాత భాగాలు చూపించమని కూడా ముందే చెప్పండి. 100 పౌండ్లు దాటిన పనికి క్రెడిట్ కార్డుతో కడితే, పని చెడినప్పుడు 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. గ్యారేజీ మోటార్ అంబుడ్స్‌మన్ పథకంలో సభ్యత్వం ఉన్నదైతే అక్కడ మీరు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

బాగుచేయించాలా, వదిలించుకోవాలా?

"కారు ఖరీదే 1,500, రిపేరుకి 700 ఏమిటి?" అని చాలామంది అంటారు. వినడానికి బాగుంటుంది గాని, పోల్చాల్సింది కారు అమ్మకపు ధరతో కాదు. ఈ కారు వదిలేస్తే దాని స్థానంలో వచ్చే కారుకి ఎంతవుతుందన్నదే లెక్క. 4,000 పెట్టి ఇంకో పాత కారు కొంటే దాని జాతకం మీకు తెలియదు. మీ కారు జాతకం మీకు తెలుసు. ఇంజను, గేర్లు, క్లచ్ బాగుండి, బాగుచేశాక ఇంకో రెండేళ్ళు నడుస్తుందనుకుంటే 700 అంటే నెలకి 30 పౌండ్ల లోపే.

తుప్పు మాత్రం వేరే జాతి. అది ఒకచోట ఆగదు. మా స్నేహితుల కుటుంబంలో పదిహేనేళ్ళ కారుకి తలుపుల కిందుగా నడిచే చట్రం పుచ్చిపోయి, వెల్డింగ్‌కి 1,100 పౌండ్లన్నారు. అంతకు ముందు రెండేళ్ళ అడ్వైజరీల్లో తుప్పు మాట ఏటా కొత్త చోట కనిపిస్తూనే ఉంది. వాళ్ళు వదిలించుకున్నారు, 180 పౌండ్లు వచ్చాయి. మంచి నిర్ణయమే. "ఇదే కారు, ఇదే స్థితిలో, రిపేరు ధరకి ఎవరైనా అమ్మితే నేను కొంటానా?" అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు కాదు అయితే ఆపేయండి.

వదిలించుకోదలిస్తే అనుమతి ఉన్న స్క్రాప్ కేంద్రానికే ఇవ్వండి, ధ్వంస ధ్రువపత్రం తీసుకోండి, డి.వి.ఎల్.ఏ.కి తెలపండి. మిగిలిన నిండు నెలల రోడ్డు పన్ను తిరిగొస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో స్క్రాప్ వ్యాపారి నగదు ఇవ్వకూడదని చట్టం ఉంది, నోట్లు చేతిలో పెడతానన్నవాడికి దూరంగా ఉండండి. నిర్ణయానికి కొంత సమయం కావాలనుకుంటే కారుని సొంత స్థలంలో పెట్టి, రోడ్డెక్కించడం లేదని డి.వి.ఎల్.ఏ.కి ప్రకటించవచ్చు. దాన్నే సోర్న్ అంటారు. అప్పుడు పన్ను కట్టక్కర్లేదు.

వచ్చే ఏడాదికి

గడువు ముగియడానికి నెల ముందే పరీక్ష చేయించుకోవచ్చు, పాత తేదీ చెడిపోదు. ఉదాహరణకి మే 15న గడువైతే ఏప్రిల్ 16 నుంచి ఎప్పుడు చేయించినా వచ్చే గడువు మళ్ళీ మే 15వ తేదీయే. ఆ నెల రోజులే బేరమాడే సమయం. ఆఖరి రోజు వెళ్ళేవాడికి బేరమాడే ఓపికా ఉండదు, అవకాశమూ ఉండదు. ప్రభుత్వ వెబ్‌సైటులో పేరిస్తే నెల ముందు ఉచితంగా గుర్తుచేస్తారు.

పరీక్షకి ముందు రోజు ఇంట్లోవాళ్ళని బ్రేకు తొక్కమని చెప్పి వెనక లైట్లు చూడండి. ఇండికేటర్లు, హారన్, వైపర్లు, అద్దం కడిగే నీళ్ళు, సీటు బెల్టులు, టైర్లు, నంబరు ప్లేటు... పది నిమిషాల పని. డాష్‌బోర్డు మీద ఇంజను హెచ్చరిక దీపం వెలుగుతుంటే దాని సంగతి ముందే తేల్చుకోండి, దాంతోనే ఫెయిలవుతుంది.

కొన్ని కౌన్సిళ్ళు తమ సొంత బళ్ళ కోసం నడిపే పరీక్షా కేంద్రాల్లో మామూలు జనం కార్లు కూడా చూస్తారు. సాధారణంగా అక్కడ బయటివాళ్ళ కార్లకి రిపేర్లు చెయ్యరు, కాబట్టి లోపం ఉన్నా లేకపోయినా వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. మీ ఊళ్ళో ఉందేమో వాకబు చెయ్యండి. ఇక పాత కారు కొనేవాళ్ళు నంబరు ప్లేటు కొట్టి 2005 నుంచి ఉన్న ఎం.ఓ.టి. చరిత్రని ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ఏ ఏడు ఎందుకు ఫెయిలయింది, ఏ అడ్వైజరీలు వచ్చాయి, మైలేజీ ఎంత... అన్నీ అందులో ఉంటాయి. అమ్మేవాడి మాట కన్నా అది నమ్మకం.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే ఈ నాలుగు ముక్కలూ వాళ్ళకి చెప్పండి. నమ్మకమైన మెకానిక్ ఎవరో కూడా చెప్పండి. ఊరుగాని ఊళ్ళో మంచి డాక్టరు తర్వాత అంత అవసరమైన మనిషి ఆయనే!